అహ్మదాబాద్ భవనాలు: గైడ్ లేకుండా రెండు రోజుల్లో ఎలా చూడాలి, ఏవి వదిలేయాలి

గైడ్ లేకుండా సొంతంగా తిరుగుతూ ఆధునిక భారతీయ కట్టడాలు చూడాలనుకునేవాళ్లకు అహ్మదాబాద్‌ను మించిన ఊరు మన దేశంలో లేదు. చండీగఢ్ వెళ్తే ఎక్కువగా ఫ్రాన్స్ ఆర్కిటెక్టు లే కార్బూజియే ఆలోచనే కనిపిస్తుంది. అహ్మదాబాద్‌లో ఆయన భవనాలు నాలుగున్నాయి, అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్ రూపొందించిన మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఐఐఎం ఉంది. కానీ వాటిని దగ్గరుండి కట్టించి, వాటి దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత వాటితో విభేదించి తమ దారి తాము వేసుకున్న స్థానిక ఆర్కిటెక్టుల పని అంతకంటే చాలా ఎక్కువ ఉంది. సారాభాయ్, లాల్‌భాయ్, హఠీసింగ్ వంటి మిల్లుల కుటుంబాలు ఇళ్లూ సంస్థలూ కట్టించుకోవడంతో 1950ల నుంచి ఇది సాగింది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. పేరు చూసి కార్బూజియే, కాన్‌లతో మొదలుపెట్టే యాత్ర సగం నిరాశతో ముగుస్తుంది. ఎందుకంటే వాటిలో చాలావాటికి లోపలికి వెళ్లే వీలు ఉండదు. మన ఆర్కిటెక్టులు బాలకృష్ణ దోషి, చార్లెస్ కొరియా కట్టినవాటిని, వాళ్లిద్దరికీ మూలమైన పాత ఊరి ఇళ్లను మధ్యలో పెట్టుకుని, మిగతావి చుట్టూ అమర్చుకుంటే యాత్ర పండుతుంది. వరుస వేసేటప్పుడు రెండే చూడాలి: అనుమతి, ఎండ.

అనుమతి సంగతి ముందు. పాత ఊరి పోళ్ల (ఒకే గేటు వెనకుండే ఇళ్ల గుంపుల) వీధులు, హఠీసింగ్ జైన ఆలయం, సబర్మతి ఆశ్రమంలోని సంగ్రహాలయం, నేలమాళిగ గ్యాలరీ అమ్‌దావాద్ నీ గుఫా, ఎల్‌డీ మ్యూజియం అందరికీ తెరిచే ఉంటాయి. ఆశ్రమ్ రోడ్డు మీద కార్బూజియే కట్టిన మిల్ ఓనర్స్ భవనం ఇప్పటికీ కార్యాలయమే. పని దినాల్లో ఆఫీసు వేళల్లో వెళ్లి, కాపలాదారుకు చెప్పి, రిజిస్టర్‌లో రాసి లోపలికి వెళ్లాలి. ఆర్కిటెక్చర్ నేర్పే సెప్ట్ విశ్వవిద్యాలయం గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. దోషి కార్యాలయం సంగత్, ఐఐఎం ప్రాంగణం రెండింటికీ ముందుగా రాసి అనుమతి తీసుకోవాల్సిందే. కనీసం రెండు వారాల ముందు మెయిల్ పెట్టండి. అందులో ఎంతమంది, ఏ తేదీ, ఏ గంటల మధ్య, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఫోటోలు దేనికి అన్నవి నాలుగు వాక్యాల్లో ఉంటే చాలు. విద్యార్థులైతే కాలేజీ లెటర్‌హెడ్ మీద విభాగాధిపతి సంతకంతో లేఖ జతచేయాలి. పదిమందికి మించితే రెండు జట్లుగా అడగండి. పెద్ద గుంపు అనగానే వద్దనే మాటే ముందు వస్తుంది.

కార్బూజియే కట్టిన విల్లా సారాభాయ్, విల్లా శోధన్, దోషి తన కుటుంబానికి కట్టుకున్న కమలా హౌస్ సొంత ఇళ్లు. జాబితాల్లో వాటి పేర్లు కనిపిస్తాయి గానీ, గేటు ముందు నిలబడి ఫోన్ పైకెత్తడం వల్ల కనిపించేది చెట్లూ ప్రహరీగోడే. వాటికి కేటాయించే గంటను ఇంకో చోట పెట్టండి. కొరియా కట్టిన ట్యూబ్ హౌస్ పేరు కూడా అక్కడక్కడా ఉంటుంది. దాన్ని 1995లోనే కూల్చేశారు.

మొదటి రోజు పొద్దున్నే పాత ఊరికి వెళ్లాలి. కాలూపూర్ స్వామినారాయణ్ మందిరం నుంచి జామా మసీదు దాకా మున్సిపల్ కార్పొరేషన్ 1997 నుంచి హెరిటేజ్ వాక్ నడుపుతోంది. దాంట్లో చేరకపోయినా అదే దారి పట్టుకుని నడవొచ్చు. 2017లో యునెస్కో ఈ ఊరికి ప్రపంచ వారసత్వ నగర హోదా ఇచ్చింది, మన దేశంలో అది మొదటిది. ఎనిమిది గంటలకల్లా అక్కడ ఉండటం మంచిది. తొమ్మిదిన్నర దాటితే స్కూటర్ల రద్దీలో తల పైకెత్తి చూడటం కష్టం, చూడాల్సినవన్నీ తల పైనే ఉంటాయి.

పోల్ అంటే ఒకే గేటు వెనక అల్లుకున్న ఇళ్ల గుంపు. ఇళ్లు ముందువైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి, పక్కింటికీ మనింటికీ గోడ ఒకటే. వీధిలోకి ఉన్న ఓట్లా మన అరుగే. మధ్యలో ఆకాశానికి తెరిచిన చౌక్, దాని కింద వాన నీళ్లు దాచుకునే టాంకా. ఇటుక గోడల మధ్య అడ్డంగా, నిలువుగా కలప దూలాలు పోనిచ్చారు. భూమి కదిలినప్పుడు గోడ విడిపోకుండా పట్టి ఉంచేది ఆ కలపే. వీధి ఇరుకు కాబట్టి ఎండ నేలను తాకేది మిట్టమధ్యాహ్నం కొద్దిసేపే. చౌక్‌లో వేడి గాలి పైకి పోతుంటే వీధిలోని చల్లగాలి తలుపు గుండా లోపలికి వస్తుంది. తెరిచి ఉన్న గుమ్మం ముందు ఒక్క నిమిషం నిలబడితే ఆ గాలి పాదాలకు తగులుతుంది. ఈ సంగతి గుర్తుంటే మర్నాడు చూసే కాంక్రీటు భవనాలు సగం అర్థమైనట్టే. అరుగు మీద ఎవరైనా కూర్చుని ఉంటే అడక్కుండా ఫోటో తీయొద్దు. హిందీలో ఒక్క మాట అడిగితే చాలామంది చౌక్ దాకా రానిస్తారు.

అక్కడి నుంచి ఢిల్లీ దర్వాజా బయట ఉన్న హఠీసింగ్ ఆలయానికి ఆటోలో వెళ్లండి. 1848లో పూర్తయిన తెల్ల చలువరాతి కట్టడం. దాన్ని కట్టిన ప్రేమ్‌చంద్ సలాట్ ఈ ప్రాంతపు శిల్పి వంశం వాడు. స్థానిక ఆర్కిటెక్టుల యాత్రలో ఈ పేరు వదిలేయడం అన్యాయం. చుట్టూ 52 చిన్న గుళ్లున్న ప్రాంగణం, లోపల ఫోటోలకు అనుమతి లేదు. అరగంట సరిపోతుంది.

తర్వాత సబర్మతి ఆశ్రమం. అందరూ గాంధీ ఉన్న ఇల్లు హృదయకుంజ్ చూసి వెనక్కి తిరుగుతారు. పక్కనే ఉన్న సంగ్రహాలయాన్ని ప్రదర్శన కోసం కాకుండా కట్టడం కోసం చూడండి. కొరియాకు ముప్ఫై ఏళ్లు కూడా నిండకముందు వచ్చిన పని, 1963లో నెహ్రూ ప్రారంభించారు. 6 మీటర్లకు 6 మీటర్ల చదరపు గదులు, ఇటుక స్తంభాలు, పైన పెంకుల పిరమిడ్ కప్పులు. కొన్ని గదులకు గోడలున్నాయి, కొన్నింటికి లేవు, మధ్యలో ఒకటి నీళ్ల కొలను. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క రెక్కలే. స్తంభాల మీద ఉన్న కాంక్రీటు దూలాలను కింద నుంచి కాక పక్క నుంచి చూడాలి. అవి కాలువలా గుంటగా ఉంటాయి. కప్పు బరువు మోసేదీ, వాన నీళ్లు బయటికి తీసుకెళ్లేదీ ఒకటే దూలం. ఇంత తక్కువ వస్తువుతో ఇంత పని చేయించిన భవనం ఈ ఊళ్లో ఇంకోటి లేదు. ఆశ్రమంలో పునరభివృద్ధి పనులు జరుగుతున్నాయి కాబట్టి, ఆ రోజు ఏ భాగం తెరిచి ఉందో ముందు అడిగి వెళ్లండి.

మిల్ ఓనర్స్ భవనానికి మధ్యాహ్నం మూడు దాటాకే వెళ్లాలి. పొద్దున వెళ్లేవాళ్లు దీని అసలు గుణం చూడకుండానే వస్తారు. గాంధీగ్రామ్ మెట్రో స్టేషన్ నుంచి దగ్గర. 1954లో పూర్తయిన ఈ భవనానికి రోడ్డువైపు ముఖం పడమర. ఆ పడమటి కాంక్రీటు పలకలను ఏటవాలుగా తిప్పారు. మూడు తర్వాత ఎండ నేరుగా ముఖం మీద పడుతున్నప్పుడు, లోపల నిలబడి చూస్తే వెలుతురు వస్తుంది, ఎండ రాదు, రోడ్డు కనపడదు. అక్కడి నుంచి తూర్పు అంచుకు నడవండి. నదివైపు పలకలు ముఖానికి లంబంగా, తిన్నగా ఉంటాయి, నది మీది గాలి ఆటంకం లేకుండా లోపలికి రావడానికి. ఉత్తరం, దక్షిణం గోడలు మాత్రం దాదాపు మూసిన ఇటుక. నాలుగు దిక్కులకు వేర్వేరు జవాబులు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి నాలుగు వైపులా ఒకసారి తిరిగితే ఇంత స్పష్టంగా పాఠం చెప్పే భవనం మరొకటి దొరకదు. రోడ్డు నుంచి నేరుగా మొదటి అంతస్తులోకి తీసుకెళ్లే ర్యాంపు మీద నెమ్మదిగా నడవండి. పై అంతస్తులో వంకర గోడల సభామందిరం తాళం వేసి ఉంటే, తెరవమని మర్యాదగా అడగండి. దాన్ని చూడకుండా రావొద్దు.

పాల్డీలో సంస్కార కేంద్ర మ్యూజియం కోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు. అది కార్బూజియేదే, కానీ లోపల చూడొచ్చన్న నమ్మకం పెట్టుకోవద్దు. దాని పక్కనున్న టాగోర్ హాల్ కోసం మాత్రం వెళ్లొచ్చు. దోషి రూపం, నిర్మాణ ఇంజినీరు మహేంద్ర రాజ్ లెక్క. కాంక్రీటు గోడను కాగితం మడతల్లా మడిచి పైకి లేపి, అదే కప్పుగా పోనిచ్చారు. మడతే బలం కాబట్టి మధ్యలో స్తంభాలు అక్కర్లేదు. సాయంత్రపు ఎండ పక్క నుంచి పడినప్పుడు మడతల నీడలు బాగా తెలుస్తాయి, పదిహేను నిమిషాలు చుట్టూ తిరిగితే చాలు. ఇదే ఇంజినీరు కొరియాతో కలిసి నవరంగ్‌పురాలో కట్టిన సర్దార్ పటేల్ స్టేడియంలోనూ గ్యాలరీ పైకప్పు మడతలే, గాల్లోకి చాచి నిలబెట్టినవి. ఇక్కడొక తికమక ఉంది. మొతేరాలోని పెద్ద క్రికెట్ స్టేడియాన్ని కూడా గతంలో ఇదే పేరుతో పిలిచేవారు. ఆటో ఎక్కేటప్పుడు ‘నవరంగ్‌పురా’ అని నొక్కి చెప్పకపోతే ఊరికి ఇంకో చివర దిగుతారు.

రెండో రోజు పూర్తిగా పడమటి వైపు. ఇది పని దినం అయ్యుండాలి, సోమవారం కాకూడదు. గుఫా సోమవారం మూసేస్తారు.

సంగత్ ఈ యాత్ర మొత్తంలో ఉత్తమమైన చోటు, అందులో మాకు రెండో మాట లేదు. 1981లో పూర్తయిన దోషి కార్యాలయం, డ్రైవ్-ఇన్ రోడ్డు మీద. మెట్రో తూర్పు-పడమర లైన్ అదే రోడ్డు వెంట వెళ్తుంది, గురుకుల్ రోడ్, దూరదర్శన్ కేంద్ర స్టేషన్లు రెండూ ఆ దారిలోనే. దోషి పారిస్‌లో కార్బూజియే దగ్గర పనిచేసి, ఆయన భవనాలను కట్టించడానికే ఈ ఊరు వచ్చారు. ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్‌ను 2018లో అందుకున్న మొదటి భారతీయుడు ఆయన, 2023 జనవరిలో కన్నుమూశారు. సంగత్‌లో చూడాల్సింది పైకప్పు. సగం నేలలోకి దిగిన పొడవాటి గుండ్రటి కప్పులు. రెండు కాంక్రీటు పొరల మధ్య బోలుగా ఉండే మట్టి గొట్టాలు పేర్చారు, వాటిలోని గాలి వేడిని లోపలికి రానివ్వదు. పైన విరిగిన పింగాణీ పెంకుల చైనా మొజాయిక్, ఎండను వెనక్కి కొడుతుంది. మన ఊళ్లలో డాబాల మీద వేసేదే ఇది. కానీ గుండ్రటి ఒంపు మీద చిన్న ముక్కలే అతుకుతాయి, పెద్ద పలకలు అతకవు, అందుకే ముక్కల పరిమాణం గమనించండి. వాన పడితే కప్పు మీది నీళ్లు కాలువల్లోంచి మెట్ల పక్కగా జారి కొలనులోకి చేరతాయి. లోపలికి దారి నేరుగా ఉండదు. మెట్లు, గట్లు, చెట్లు చుట్టి తీసుకెళ్తుంది, ఆ తిరుగుడులోనే ఒంటికి పట్టిన వేడి దిగిపోతుంది. అక్కడ పనిచేస్తున్నవాళ్లు ఉంటారు, గొంతు తగ్గించి మాట్లాడండి, డ్రాయింగుల ఫోటోలు తీయొద్దు.

ఐఐఎం గురించి నిజాయితీగా చెప్పాలి. అనుమతి దొరికినా చూపించే భాగం పరిమితం, ఆ పరిధి వాళ్లు నిర్ణయించిందే. అయినా వెళ్లండి. ఇటుక గోడలో పెద్ద వలయాలు, వాటి కింద ఇటుక కమానును రెండు వైపులా లాగి పట్టిన కాంక్రీటు దూలం, ఈ రెండూ కలిసి ఎలా పనిచేస్తున్నాయో దగ్గర్నుంచి చూడాల్సిందే. కమాను బయటికి తోసే బలాన్ని ఆ దూలం కట్టేస్తుంది, అందుకే పక్కన బరువైన గోడ అక్కర్లేదు. ఎత్తు అంచనా కట్టడానికి టేపు తీయొద్దు, కాపలాదారు ఆపేస్తాడు. ఇటుక వరుసలు లెక్కపెట్టండి. మన మామూలు ఇటుక మందం దాదాపు 75 మి.మీ., సున్నం లేదా సిమెంటు సందు 10 మి.మీ. అనుకుంటే 12 వరుసలు ఒక మీటరు.

ఈ భవనాల్లో పగుళ్లూ, రాలిన ఇటుక ముక్కలూ కనిపిస్తాయి. గోడలోకి పోనిచ్చిన ఇనుప చువ్వ తేమకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఇటుకను బయటికి తోస్తుంది. 2001 భూకంపం ఆ దెబ్బను పెంచింది. 2020 డిసెంబరులో 18 వసతి గృహాల్లో 14 కూల్చే ప్రతిపాదన వచ్చి, ప్రపంచమంతటి నుంచీ నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2022 చివర్లో కొన్నింటిని మళ్లీ కట్టే నిర్ణయం వెలువడింది. ఐఐఎంలోని విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయానికి జరిగిన పునరుద్ధరణకు మాత్రం 2019లో యునెస్కో అవార్డు దక్కింది. ఇలాంటి ఇటుక భవనాన్ని బాగుచేసి నిలబెట్టడం సాధ్యమని ఆ గోడే చూపిస్తోంది, మిగతావీ అలాగే నిలవాలని గట్టిగా కోరుకుంటున్నాం. మీ అనుమతిలో గ్రంథాలయం ముందరి బహిరంగ ఆవరణ ఉండేలా మెయిల్‌లోనే అడగండి.

మధ్యాహ్నం ఎండలో ఎల్‌డీ ఇండాలజీ సంస్థకు వెళ్లడం సరైన పని. గుజరాత్ యూనివర్సిటీ స్టేషన్ వైపే. 1962 నాటి దోషి భవనం, తాళపత్రాలూ రాతప్రతులూ దాచడానికి కట్టింది. సగం నేలలోకి దిగిన కింది అంతస్తు, చుట్టూ లోతైన వరండా. ఏసీ కంటే ముందు కాలంలో గ్రంథాలను వేడి నుంచి ఎలా కాపాడాలన్న ప్రశ్నకు జవాబు అది. మొదటి రోజు పోల్‌లో చూసిన నీడ ఇక్కడ కాంక్రీటులో కనిపిస్తుంది. పక్కనే ఉన్న మ్యూజియాన్నీ చూసుకోవచ్చు, అదీ సోమవారం మూతే.

సెప్ట్‌లో దోషి కట్టిన పాత ఆర్కిటెక్చర్ స్కూలు చూడండి. సమాంతరంగా నిలబెట్టిన ఇటుక గోడలు, ఉత్తరం వైపు నుంచి దిగే వెలుతురు, గోడల మధ్య మెట్ల మీద గుంపులు గుంపులుగా విద్యార్థులు. ఉత్తరపు వెలుతురులో నేరుగా ఎండ పడదు కాబట్టి గీసే కాగితం మీద నీడ కదలదు. అదే ప్రాంగణంలో రాహుల్ మెహ్రోత్రా బృందం 2017లో పూర్తిచేసిన లీలావతి లాల్‌భాయ్ గ్రంథాలయం ఉంది. చాలా భాగాన్ని నేల కిందికి దించి, పాత భవనం మీద పెత్తనం చేయకుండా నిలబెట్టారు. బయటి చెక్క రెక్కలను కదపొచ్చు. పరీక్షల రోజుల్లో లోపలికి పంపరు.

చివరికి గుఫా, సాయంత్రం నాలుగు తర్వాత తెరుస్తారు, ప్రవేశం ఉచితం. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ కోసం దోషి చేసిన నేలమాళిగ గ్యాలరీ, 1995లో పూర్తయింది. ఇనుప వల మీద చేత్తో మెత్తిన ఫెర్రోసిమెంటు పెంకు, మందం ఒక అంగుళం దగ్గర. ఒంపే దాన్ని నిలబెడుతుంది. చెట్టు మోడుల్లా వాలిన స్తంభాలు, ముక్కుల్లాంటి గొట్టాల్లోంచి దిగే వెలుతురు. నేల ఎగుడుదిగుడు, కప్పు అక్కడక్కడా తలకు తగిలేంత కిందికి ఉంటుంది, పిల్లలనూ పెద్దవాళ్లనూ చేయిపట్టి తీసుకెళ్లండి. పిల్లలకు ఈ ఊళ్లో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఐదు నుంచి ఐదున్నర మధ్య వెళితే గొట్టాల వెలుతురు ఇంకా ఉంటుంది. చీకటి పడ్డాక దీపాల వెలుగులో ఆకారం చదునుగా కనిపిస్తుంది.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి సుఖం. జనవరి 14, 15 ఉత్తరాయణ్ రోజుల్లో ఊరంతా గాలిపటాలతో డాబాల మీదే ఉంటుంది, ఆఫీసులు మూస్తారు. దీపావళి నుంచి ఆ తర్వాత వచ్చే లాభ పంచమి దాకా కూడా అంతే, సంగత్, మిల్ ఓనర్స్ రెండూ చేజారతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు వెళ్తే పదకొండు నుంచి నాలుగు దాకా బయట నడక పెట్టుకోవద్దు. వానాకాలం చాలామంది వద్దంటారు. ఆర్కిటెక్టులకైతే మేం వానాకాలంలోనే వెళ్లమంటాం, కాలువ దూలాలూ కప్పు మీది నీటి దారులూ పనిచేస్తుంటే చూసే అవకాశం అప్పుడే.

మెట్రోలో తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ లైన్లు మారేది ఓల్డ్ హైకోర్ట్ స్టేషన్‌లో. ఆశ్రమానికి, పాల్డీకి, ఐఐఎంకు చివరి దూరం ఆటోనే. ట్రైపాడ్, పెద్ద కెమెరా చూడగానే చాలా గేట్ల దగ్గర ప్రత్యేక అనుమతి అడుగుతారు, ఫోన్‌తో ఇబ్బంది ఉండదు. ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు దగ్గర ఉంచుకోండి.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో మాట. ఈసీఐఎల్‌లో పరిపాలనా భవనం కొరియాది, ఉద్యోగుల కాలనీ దోషిది, రెండూ 1960ల్లో మొదలైన పనులు. అహ్మదాబాద్ బయల్దేరే ముందే వాటి ప్లాన్లు వెతికి చూసుకుంటే అక్కడి భవనాలు తొందరగా అర్థమవుతాయి.

చేతిలో ఒక్క రోజే ఉంటే పొద్దున సంగ్రహాలయం, పదకొండున్నరకు సంగత్, మూడింటికి మిల్ ఓనర్స్, ఐదింటికి గుఫా. సంగత్ అనుమతి రాకపోతే ఆ చోట ఎల్‌డీ పెట్టుకోండి. ఐఐఎం ఆ రోజుకు వదిలేయండి.